మొహమాటపు బేరము



కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు పండుగకు ముందు మేము చెప్పులు కొనుటకు పట్టణమునకు పోయితిమి. కొనుటకు అనుటకంటె చూచుటకు అనుట నిజము. జేబులో సొమ్ము ఉన్నది గాని ఆ నెల పాలవానికిని, పిల్లవాని పరీక్ష రుసుమునకును ఇంకను ఇవ్వవలసియుండెను. ధరలు తెలిసికొని, పండుగ దాటిన పిమ్మట తీరికగా కొందమని మా ఆలోచన. దుకాణములో అడుగు పెట్టగానే ఒక యువకుడు మా చేతి సంచి అందుకొని, మమ్మును కుర్చీలో కూర్చుండబెట్టి, వద్దు వద్దనుచుండగానే మా కాలి చెప్పు తానే విప్పి, ఒకదాని వెంట ఒకటిగా పదునొకండు జతలు తెచ్చి తొడిగి చూపెను. మా చుట్టు అట్టపెట్టెలును పలుచని కాగితములును కుప్పగా పడెను. ఆ పిల్లవాని నుదుట చెమట చూచిన పిమ్మట "మళ్ళీ వస్తాము" అను మాట మా నోట రాలేదు. పదునొకండవ జత కొంటిమి. అది బిగుతు. "వాడగా వాడగా సాగుతాయండీ" అని అతడు చెప్పెను. అవి సాగలేదు. ఆ యేటి క్రిస్మసు ఆరాధనలో మేము ఒక కాలి మీదనే బరువు మోపి ప్రసంగించితిమి. ప్రసంగము త్వరగా ముగిసినందుకు సంఘపెద్దలలో ఒకరు మిక్కిలి సంతోషించిరని తరువాత వింటిమి.

ఆ యువకుడు మాకు చేసిన అన్యాయమేమి? ధర ఎక్కువ చెప్పలేదు. పెట్టె మీద అచ్చువేసిన ధరకే ఇచ్చెను. సరకులో మోసము లేదు. బలవంతము చేసెనని ఎవరితోనైనను చెప్పినయెడల నవ్వుదురు. అయినను ఆ సొమ్ము మా ఇష్టము చొప్పున మా చేతి నుండి పోలేదు. దీనికి మన తెలుగులో మొహమాటమని పేరు. మొహమాటమునకు పోయినవారి గతిని గూర్చి మన పెద్దలు చెప్పిన సామెత ఒకటి కలదు గాని, అది ఈ పత్రికలో అచ్చువేయదగినది కాదు. చదువరులకు అది తెలిసియే యుండును. మొహమాటము మంచి గుణములో నుండి పుట్టిన బలహీనత. ఎదుటివాని కష్టము చూడలేని మనస్సు ఉన్నవానికే అది కలుగును. కనుక మొహమాటమును ఆసరా చేసికొని అమ్మువాడు మనలోని మంచితనమునే కొక్కెముగా చేసి మనలను లాగుచున్నాడు. ఇట్టి బేరము న్యాయమైన బేరమేనా?

ఈ ప్రశ్న మాకు చెప్పుల వలన తోచినది గాని, దానిని తీవ్రముగా మా ముందు పెట్టినవాడు మా సంఘపు యువకుడొకడు. ఇంటరు చదివి, పై చదువునకు వీలులేక, పట్టణములో ఒక పెద్ద బట్టల దుకాణమున చీరల విభాగములో సేల్స్‌మాన్‌గా చేరెను. ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును పోయిన పిమ్మట అతడు చాపలు చుట్టుచు అడిగెను: "అయ్యగారూ, ఊరికే చూసి పోదామని వచ్చినోళ్ళని కొనకుండా పోనివ్వడం తప్పా, పోనివ్వకపోవడం తప్పా?" మేము నవ్వితిమి. అతడు నవ్వలేదు. ఆ దుకాణములో ఒక్కొక్క కౌంటరు వద్దకు ఎంతమంది వచ్చిరో, వారిలో ఎంతమంది వట్టి చేతులతో మెట్లు దిగిరో కెమెరాలో చూచి లెక్క వేయుదురట. వట్టి చేతుల లెక్క పెరిగినచో ఆ నెల కమీషను తరుగును. ఆ కమీషనుతోనే అతని తల్లి మందులు కొనవలెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

కొట్టులోనికి పోయి ఏమియు కొనకుండ రావచ్చుననుట పూర్వకాలపు ఆచారము కాదు. మా చిన్ననాడు బట్టల కొట్టనగా తెల్లని దుప్పటి పరచిన పరుపు, మూలను గల్లాపెట్టె, దాని వెనుక యజమాని. తానులన్నియు ఆయన వెనుక అరలలో నుండెడివి. ఏది చూడవలెనన్నను ఆయన దింపవలెను, ఆయన విప్పవలెను. పరుపు మీద కూర్చున్నవాడు సగము కొన్నవానితో సమానము. ప్రొద్దున్నే వెళ్ళినచో చెప్పనక్కరలేదు. బోణీ కాకుండ లేచినవానిని ఊరంతయు తిట్టిపోసెడివారు. ఇప్పటికిని ఈ బోణీ భయము పోలేదు. అపశకునములను నమ్మమని ప్రార్థన కూటములలో సాక్ష్యమిచ్చు మన విశ్వాసులలో కొందరు తమ ఫ్యాన్సీ షాపులలో మొదటి బేరము విడిచిపెట్టుటకు ఎట్లు గింజుకొందురో మేము కన్నులార చూచితిమి.

పాశ్చాత్య దేశములలోను మొదట ఇంతే. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులోని క్వేకరు భక్తులు, ఒక ధర చెప్పి మరియొక ధరకు అమ్ముట అబద్ధమాడుటయే యని యెంచి, అందరికిని ఒకే ధర చెప్పసాగిరి. 1852లో పారిస్ నగరమున బోన్ మార్షే అను దుకాణములో భాగస్వామిగా చేరిన అరిస్టీడ్ బూసికో, సరకు మీద ధర వ్రాయించి, ఎవరైనను వచ్చి చూచి కొనకుండ పోవచ్చునను పద్ధతిని అక్కడ స్థిరపరచెను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ వనమేకరు ఇదే త్రోవ నడచెను. ఆయన పేరు మనవారిలో కొందరికి పరిచయమే. సండే స్కూలు పని చేసినవాడు, మద్రాసు ఎస్ప్లనేడులోని వై.ఎం.సి.ఏ. భవనమునకు ధనసహాయము చేసినవాడు. 1876లో ఆయన ఒక పాత రైలు గిడ్డంగిని గొప్ప దుకాణముగా మార్చెను. దానికి కొద్ది నెలల ముందు అదే గిడ్డంగిలో మూడీగారి ఉజ్జీవ కూటములు జరిగెను. 1909లో లండనులో సెల్ఫ్రిజ్ తన దుకాణము తెరచి, సరకును అద్దాల అలమరలలో దాచక బల్లల మీద పరపించి, జనులు ముట్టి చూచునట్లు చేసెను.

ఇది మానవ మర్యాదకు పెద్ద మేలని మా అభిప్రాయము. చూచుట ఋణము కాదని ఒప్పుకొనబడెను. అయితే చదువరులు ఒక సంగతి గమనింపవలెను. ఏ బోన్ మార్షే గుమ్మము అందరికిని ఉచితముగా తెరువబడెనో, ఆ దుకాణములోనే గుమాస్తాలకు అమ్మిన దాని మీద కమీషను ఇచ్చు ఏర్పాటును ఉండెను. "చూచి పొండు" అని గుమ్మము చెప్పుచుండగా, "పోనివ్వకు" అని కమీషను చెప్పెను. మా యువకుడు చాపలు చుట్టుచు అడిగిన ప్రశ్న ఈ రెండు మాటల నడుమ నలిగినవాని ప్రశ్న.

మరి దగ్గరకు రాకుండ ఊరకుండుటయే మర్యాదయా? అట్లనువారు కలరు. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అనునాయన పిగ్లీ విగ్లీ అను పేరుతో ఒక కిరాణా దుకాణము పెట్టి, జనులే బుట్టలు పట్టుకొని అరలలో నుండి సరకు తీసికొని, బయటకు పోవుచోట సొమ్ము చెల్లించు విధము నడపెను. నేడు మన పట్టణములలో మాల్ అనబడునవన్నియు ఆ చెట్టు కొమ్మలే. చదువుకొన్నవారికి ఇది మిక్కిలి హాయి. ఎవరును వెంటబడరు, ఎవరును అడుగరు.

మా సంఘములో ఒక ముసలమ్మ కలదు. కూలిపని చేసి దాచిన సొమ్ముతో మనుమనికి చొక్కా కొనుటకు అట్టి మాల్‌లోనికి పోయెను. గుమ్మమువద్ద సంచి అక్కడ పెట్టుమనిరి. లోపల ప్రతి చొక్కాకును ఒక అట్టముక్క వ్రేలాడుచున్నది. దాని మీద ఇంగ్లీషు అక్షరములు, గీతలు, అంకెలు. ఏది ధరయో, ఏది కొలతయో ఆమెకు తెలియలేదు. పనిపిల్లలు ముగ్గురు ఒకచోట నిలిచి ఫోను చూచుకొనుచుండిరి. మాసిపోవునేమోయని ఆమె దేనిని ముట్టలేదు. అరగంట తిరిగి వచ్చివేసెను. "నాతో ఎవురూ మాట్లాడలేదయ్యా" అని మాత్రమే మాతో చెప్పెను. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు నిండిన స్త్రీలలో చదువు వచ్చినవారు నూటికి 59 మంది మాత్రమే. తక్కినవారిని ఒంటరిగా విడిచిపెట్టి, అది స్వేచ్ఛయని చెప్పుట ఎగతాళి. మమ్మును కుర్చీలో బంధించిన పిల్లవానికంటె ఫోను చూచుకొనిన ఆ ముగ్గురే ఎక్కువ తప్పు చేసిరని మాకు తోచుచున్నది.

కాబట్టి దగ్గరకు పోవుటలో తప్పు లేదు, పోకుండుటలో పుణ్యమును లేదు. ఎవరి కొరకు పోవుచున్నామన్నదే సంగతి. మన కొట్లలో ఒక మాట వాడుక. మనిషి మెట్లెక్కగానే "బేరం వచ్చింది చూడరా" అందురు. మనిషికే బేరమని పేరు! అట్లు పిలువబడినవాడు కొననంతసేపు గుమాస్తా కంటికి తెగని బేరముగానే కనబడును గాని, పొద్దుననగా బస్సెక్కి, ఎండలో నడచి వచ్చిన మనిషిగా కనబడడు.

ఎమ్మాయు త్రోవలో మన ప్రభువు ఆ యిద్దరు శిష్యుల దగ్గరకు వచ్చిన రీతి ఈ సందర్భమున మాకు పలుమార్లు జ్ఞాపకము వచ్చినది. మొదట వారితో కలిసి నడచెను. పిదప వారు మాటలాడుకొనుచున్నదేమని అడిగెను, చెప్పినదంతయు వినెను, అటుపిమ్మటనే తాను చెప్పవలసినది చెప్పెను. ఊరు సమీపించినప్పుడు ఇంకను ముందుకు పోవువానివలె అగపడెను. వారు బలవంతము చేసినందుననే లోపలికి వెళ్ళెను. ఇయ్యదగిన దానిలో అంతకంటె గొప్పది లేనివాడు సైతము వారికి కాదనుటకు చోటు విడిచిపెట్టెను. చీరలు అమ్మువారు విడువరాదా?

ఈ మాట మా యువకునితో అనగా అతడు గౌరవముగా తల ఊపి, "అది సరేనండి, కానీ కౌంటరు దగ్గర ఏం చెయ్యమంటారు?" అని అడిగెను. అప్పుడు అతడు చెప్పినవి కొన్ని, మేము చెప్పినవి కొన్ని. ఎక్కువ అతనివే.

మన దుకాణములలో మొట్టమొదటి ప్రశ్న "ఎంతలో చూపించమంటారు?" అనునది. నలుగురి ముందర ఈ ప్రశ్న పేదవానికి చెంపదెబ్బవంటిదని మేమంటిమి. "అడక్కపోతే ఇంకా కష్టమండి," అని అతడు చెప్పెను. "ఖరీదైనవి విప్పేస్తాను. ఆవిడకి నచ్చుతుంది. ధర చూసి సిగ్గుపడి లేచిపోతుంది. అందుకని నేను మూడు రకాల ధరల్లో మూడు చీరలు వేస్తానండి. ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూస్తాను. ఆ వరసలోవే తీస్తాను." సెమినరీలో మేము మూడేండ్లు నేర్చుకొనిన మానవ స్వభావ పాఠములలో ఇంత సున్నితమైనది మాకు గుర్తు లేదు. ఒకరిని సిగ్గుపరచకుండ వారి శక్తిని తెలిసికొనుట! ఇది అమ్మకపు నేర్పే, సందేహము లేదు. అయినను ఇందులో చూపు సరకు మీద గాక మనిషి చేతి మీద ఉన్నది.

పలకరింపును గూర్చియు మాటలాడుకొంటిమి. "ఏం కావాలి?" అను రెండు మాటలే గుమ్మములో నిలిచి అడిగిన ఒక అర్థము, ప్రక్కకు జరిగి త్రోవయిచ్చి అడిగిన మరియొక అర్థము. "రండమ్మా, చూస్తూ ఉండండి, ఇక్కడే ఉంటాను" అని చెప్పి, పిలిచిన వినబడునంత దూరములో నిలుచుట చాలునని మా తాత్పర్యము. వెనువెంట అడుగులో అడుగు వేయుట దొంగను కాపాడు రీతి. దొంగతనములు జరుగుట నిజమే, పోయిన సరకు ఖరీదు ఒక్కొక్కప్పుడు గుమాస్తా జీతములో కోయుటయు నిజమే. కాని ఎవరి వెంట నడచుచున్నారో గమనింపుడు. పట్టుచీర కట్టిన ఆమె వెంట నడచువారు లేరు. ఆమెను "మీరు" అందురు. చేనిలో నుండి వచ్చిన ఆమెను "నువ్వు" అందురు. కావలసి వచ్చినప్పుడు మాత్రము "అక్కా, నీకిది బాగుంటది" అని లేని చుట్టరికము కలుపుదురు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవానిని నిలువబెట్టు సంఘమును గద్దించెను. మనము ఆ భాగమును గుడిలోని కుర్చీలకే వర్తింపజేసికొని తృప్తిపడుచున్నాము.

కొనకుండ పోవువారిని గూర్చి మేము తుదకు అతనితో చెప్పినది ఒక్కటే. వచ్చినప్పుడు చూపిన ముఖమును పోవునప్పుడును చూపుము. మొదటి నవ్వు ఎవనికైనను వచ్చును. అది జీతములో భాగము. నలువది చీరలు విప్పించి, ఏమియు కొనక లేచిన ఆమె చెప్పులు వెదకికొనుచున్నప్పుడు నీ ముఖము ఎట్లుండునో దానిని బట్టి, అంతకుముందు నీవు చేసినదంతయు ఏమియో తెలియును.

అతడు కొంతసేపు మాటలాడలేదు. "అయ్యగారూ, పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా నిలబడే ఉంటామండి. కూర్చుంటే కెమెరాలో కనపడతాం. రాత్రి తొమ్మిదింటికి వచ్చి ఊరికే చూసేవాళ్ళని చూస్తే నాకు నవ్వు రాదండి," అనెను.

దీనికి మా యొద్ద ప్రసంగము లేదు. కేరళ దేశమున బట్టల కొట్లలో పనిచేయు స్త్రీలు దినమంతయు నిలువలేక, కూర్చుండు హక్కు కొరకు యేండ్ల తరబడి పోరాడిరి. కోళిక్కోడు స్త్రీలు అందులో ముందుండిరి. 2018లో ఆ రాష్ట్రము తన దుకాణముల చట్టమును సవరించి వారికి ఆసనము ఏర్పాటు చేయవలెనని విధించెను. 2021లో తమిళనాడు అట్టి సవరణమునే చేసెను. ఒక ముక్కాలిపీట కొరకు శాసనసభ కూడవలసి వచ్చినదంటే, గుమాస్తా చిరునవ్వును గూర్చి వ్రాయు మావంటివారు ముందుగా యజమానులతో మాటలాడవలసియున్నది. మోకాళ్ళు నొప్పిపుట్టినవాని యొద్ద మర్యాద అడుగుట సులభము. అతనికి పీట వేయుట ఖర్చు. వట్టి చేతుల లెక్క వ్రాయించువాడు, వ్రాయబడినవానికంటె ఎక్కువ బాధ్యుడు.

మమ్మును గూర్చియు ఒక మాట ఒప్పుకొనవలెను. మా జీతము, ఆరాధనకు వచ్చి కానుక వేయక పోయినవారి లెక్క మీద ఆధారపడియుండినయెడల, గుమ్మములో మేమెట్లు కరచాలనము చేయుదుమో దేవునికే తెలియును. లెక్క లేకపోయినను కోతపండుగ వేలములో మేము చేయుచున్నదేమి? ఒక గుమ్మడికాయను చేత పట్టి, ఫలానా వారు పాడెదరు, ఫలానా వారు వెనుకాడరు అని పేరు పెట్టి పిలుచుచున్నాము. లేచి పాడినవారిలో సంతోషముతో పాడినవారెందరు, మొహమాటముతో పాడినవారెందరు? చెప్పుల దుకాణపు పిల్లవానిమీద సణుగుచు ఇంటికి వచ్చినప్పుడు ఈ గుమ్మడికాయ మాకు జ్ఞాపకము రాలేదు.

కొనువారి తప్పులు కూడ కలవు. చూచుట ఋణము కాదని పైన వ్రాసితిమి. కాని విప్పించుట, మడతపెట్టించుట ఒకని చేతుల పని. కొనమని మనస్సులో ముందే నిశ్చయించుకొని, ఎండ తగ్గువరకు చల్లని గాలికి కూర్చుండి ఏబది చీరలు విప్పించుట సరదా కాదు. దుకాణములో చెప్పు తొడిగి కొలత సరిచూచుకొని, బయటకు వచ్చి ఫోనులో చవుకగా తెప్పించుకొనువారు మన యిండ్లలోనే ఉన్నారు. ఆ కుర్రవాని శ్రమకు కూలి ఎవరిచ్చిరి? "ఈవేళ చూడటానికే వచ్చాం, ఎక్కువ తియ్యవద్దు" అని ముందుగా చెప్పుటకు సొమ్ము అక్కరలేదు. మేము ఆ రోజు ఆ మాట చెప్పియుండినయెడల పదునొకండు పెట్టెలు విప్పబడకనే పోవును. చెప్పకపోవుటకు కారణము మర్యాద కాదు. సొమ్ము చాలదని తెలియునేమో యను గర్వము. బిగుతు చెప్పులలో సగము తప్పు మాది.

గత నెలలో మా యువకుడు మరల వచ్చి ఒక సంగతి చెప్పెను. రాత్రి దుకాణము మూయు వేళకు ఒక తల్లి, కూతురు వచ్చిరట. "మాఘమాసంలో పెళ్ళి బాబూ, ఇంకా డబ్బు చేతికి రాలేదు, ధరలు తెలుసుకుందామని వచ్చాం" అని ఆ తల్లి ముందే చెప్పెనట. ఇతడు మూడు చీరలు వేసెను. ఆ పిల్ల చేయి నడిమి చీర మీద ఆగెను. ఆ వరుసలో మరి నాలుగు చూపి, మంచినీళ్ళు ఇచ్చి, ధరలు ఒక చీటీ మీద తెలుగులో వ్రాసి చేతికిచ్చి, మెట్ల వరకు వెళ్ళి "మళ్ళీ రండమ్మా" అని చెప్పెనట. తిరిగి వచ్చునప్పటికి మేనేజరు కౌంటరు వద్ద నిలిచియున్నాడు. ఆ రాత్రి ఇద్దరి పేరున వట్టి చేతుల లెక్క వ్రాయబడెను.

ఈ వ్యాసము అచ్చునకు పంపుటకు ముందు, వారు తిరిగి వచ్చిరా యని అతనిని అడిగితిమి. ఇంకను రాలేదట. నడిమి చీరను మాత్రము అతడు క్రింది అరలో ఒక ప్రక్కగా పెట్టియుంచెను. మాఘమునకు ఇంకను రెండు నెలలున్నవి.